కాసుల జాతకం చెప్పే గుర్నాథం బావ

మా బావ గుర్నాథం చేతిలో కాసు పడితే, దాని జాతకం చెప్పకుండా ఆయన దాన్ని కింద పెట్టడు. ఏ రాజు తలకాయ, ఏ సంవత్సరం, ఏ టంకశాల, ఇప్పుడు వెల ఎంత, అన్నీ చెప్పాలి. మీరు వినాలి. వినకపోతే మళ్ళీ మొదట్నుంచీ చెబుతాడు. మా అక్క అదృష్టవంతురాలు, ఆమెకు వంటింట్లో పని ఉంటుంది. తిరుత్తణి బజారులో ఆయన పాత్రల అంగట్లో ఇరవై ఏళ్ళు పక్కన కూర్చున్న పాపాత్ముణ్ణి నేను.

ఒకసారి కనకమ్మసత్రంలో పెళ్ళికని ఇద్దరం బస్సెక్కాం. కండక్టరు ఇచ్చిన చిల్లరలో ఒక అర్ధరూపాయి మీద, సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంది. అది హైదరాబాదులో కొట్టిందని, బొంబాయిదైతే వేరే గుర్తు ఉంటుందని, కలకత్తావాళ్ళు గుర్తే వెయ్యరని బావ మొదలుపెట్టాడు. ఆ కండక్టరు మహానుభావుడు "అప్పిడియా సార్?" అని అరవంలో ఆశ్చర్యపోయాడు. అలా అన్నవాణ్ణి బావ వదులుతాడా? మేం దిగింది తిరువళ్ళూరులో. వెనక్కి వచ్చేసరికి పెళ్ళివారు ఆకులెత్తేశారు. ఆకలికి నాకు కళ్ళు తిరుగుతుంటే, ఆయన ఆ అర్ధరూపాయిని ఎండకు పట్టి చూస్తున్నాడు.

పోనీ, ఇంత విద్యా వ్యాపారానికి పనికొచ్చిందా? ఊత్తుకోట నుంచి దొరస్వామి అనే పెద్ద రైతు వచ్చి రెండు ఇత్తడి అండాలు, నాలుగు గంగాళాలు బేరం చేశాడు. డబ్బు తీయబోతూ పట్టుగుడ్డ విప్పి ఒక రాగి కాసు చూపించాడు. ఒకవైపు రాముడి పట్టాభిషేకం, రెండోవైపు కంపెనీ పేరు. లక్ష పలుకుతుందని ఎవరో చెప్పారట. నేను బావ కాలు తొక్కాను. ఆయన కాలు వెనక్కి లాక్కుని, భూతద్దం పెట్టి చూసి, కంపెనీవాళ్ళు ఇలాంటిది ఎన్నడూ కొట్టలేదని, గుడి ముందు అంగళ్ళలో పావలాకు దొరుకుతుందని చెప్పేశాడు. దొరస్వామి ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. అండాలు అంగట్లోనే ఉండిపోయాయి.

"అబద్ధం చెప్పమన్లేదు బావా, గమ్మునుండమన్నా" అన్నాను.

"కాసు చూసినాక గమ్మునుండేది ఎట్లయ్యా?" అన్నాడు, నిజంగానే తెలియక.

అన్నిటికంటే నన్ను కాల్చుకుతిన్నది ఒక రేకు డబ్బా. పాత వెండి రూపాయలు చెల్లని రోజులవి. ఇబ్బంది వచ్చినప్పుడు పల్లెవాళ్ళు వాటిని మా అంగడికి తెచ్చి వెండి ధరకు అమ్ముకునేవాళ్ళు. బావ తూచి, పైసా తగ్గించకుండా ఇచ్చేవాడు. ఇచ్చే ముందు మాత్రం ఏ ఊరు, ఎవరింటి కోడలివి, కాసు ఎక్కడ దాచిపెట్టావు అని ఒకటే ఆరా. వెనక బేరాలు కాళ్ళు నొప్పెట్టి వెళ్ళిపోయేవి. కొన్ని రూపాయల్ని నాకిచ్చి వెండి వ్యాపారికి అమ్మమనేవాడు. కొన్నిటిని మాత్రం కాగితంలో చుట్టి, పైన ఏదో రాసి, ఆ డబ్బాలో వేసి తాళం పెట్టేవాడు.

1980లో వెండి ధర చెట్టెక్కి కూర్చుంది. డబ్బా అమ్మేద్దామని నేను నెలరోజులు పోరాను. అవి అమ్మేవి కాదన్నాడు. లోకంలో ఉన్న ప్రతి కాసు గురించీ అడక్కుండా చెప్పే మనిషి, ఈ డబ్బా గురించి నోరు విప్పడు. నాకు మండదా?

ఆ ఏడు మా కొండమీద మురుగన్‌కు కావళ్ళెత్తే ఆడికృత్తిక పండగకు ముందురోజు పొద్దున, పొదటూరుపేట నుంచి మునిలక్ష్మి అనే ఆమె వచ్చింది. భర్త చిన్నప్పుడు ప్రాణాల మీదికి వస్తే, అత్త వజ్రమ్మ వెండి రూపాయిని పసుపుగుడ్డలో ముడుపు కట్టిందట. వాడు పెద్దవాడై కావడి ఎత్తిన రోజున ఆ కాసే మురుగన్ హుండీలో వేస్తానని మొక్కు. ఆ కావడి రేపే.

"మూడేండ్ల కింద బిడ్డకు జరమొచ్చింది సామీ. ఇంట్లో ఎవురూ లేరు. ముడుపు విప్పి కాసు ఈడ అమ్మేసినా. లోపల మామూలు రూపాయి పెట్టినా. రేపు కొండమీద అత్త విప్పితే ఇంక నన్ను ఇంట్లో ఉండనిస్తాదా?" అని కన్నీళ్ళు పెట్టుకుంది.

మూడేళ్ళ కిందటి రూపాయి ఎక్కడుంటుందమ్మా అని నేను అనబోతున్నాను.

"ఐదో జార్జి, పద్దెనిమిదో సంవత్సరం, బొంబాయి. చెవి కింద గాటు" అన్నాడు బావ. డబ్బా తీసి ఒక పొట్లం విప్పాడు. కాగితం మీద ఆమె పేరు, ఊరు ఉన్నాయి. వెండి ధర ప్రకారం ఆ రోజున దాని వెల ఇరవై ఎనిమిది. ఆయన తీసుకున్నది, అప్పుడు తానిచ్చిన పన్నెండు.

ఆమె వెళ్ళాక నేను ఆయన మీద పడ్డాను. "పసుపంటిన కాసును ఎవురూ సంతోషంగా అమ్మరయ్యా. యాపొద్దో ఒగపొద్దు వెతుక్కుంటా వస్తారు" అన్నాడు. డబ్బా నిండా ముడుపు కాసులే. నాకు సిగ్గేసింది. అయినా పదహారు రూపాయల నష్టం గుండెల్లో కలుక్కుమంటూనే ఉంది.

సాయంత్రం ఒక ముసలామె అటూ ఇటూ చూసి లోపలికొచ్చింది. పేరు వజ్రమ్మ, ఊరు పొదటూరుపేట. నేను నిటారుగా కూర్చున్నాను.

పద్దెనిమిదేళ్ళ కింద, కరువులో విత్తనాలకని, ముడుపులోని రాణి బొమ్మ రూపాయిని ఈవిడా మా అంగట్లోనే అమ్మింది. తర్వాత ఒక జార్జి రూపాయి దొరికితే అది కట్టి పెట్టింది.

"సామికి మొక్కింది రాణి కాసు గదా నాయినా. మనసొప్పలేదు. కోడలికి తెలిస్తే నా పెద్దరికం ఏం గాను?" అంది.

నేను నోరు తెరిచాను. ఈసారి కాలు తొక్కింది బావ. ఇంకో పొట్లం విప్పి రాణి కాసు ఇచ్చి రెండున్నర రూపాయలు పుచ్చుకున్నాడు. నేను తల పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు కొండమీద జనంలో మేమూ ఉన్నాం. ముడుపు రాత్రంతా వజ్రమ్మ బొడ్లోనే ఉందట, మునిలక్ష్మికి కాసు మార్చే వీలే దొరకలేదు. ముసలామె మాత్రం ముడి విప్పకుండానే రాణి కాసును గుడ్డ సందులోంచి లోపలికి దూర్చింది. కావడి దించారు. కొడుకు ప్రదక్షిణానికి వెళ్ళాడు. హుండీ ముందు వజ్రమ్మ ముడి విప్పింది. జార్జి రూపాయి ఉండాల్సిన చోట మామూలు రూపాయి. దాని పక్కన రాణి రూపాయి.

అత్త మామూలు రూపాయిని చూసి కొయ్యబారిపోయింది. కోడలు రాణి రూపాయిని చూసి కొయ్యబారిపోయింది. మునిలక్ష్మి పిడికిలి విప్పింది. అందులో జార్జి రూపాయి.

"నువ్వు గూడానా?" అంది వజ్రమ్మ.

"బిడ్డకు జరమొచ్చింది అత్తా."

ముసలామెకు నవ్వు ఆగలేదు. కోడలి చెయ్యి పట్టి హుండీ దగ్గరికి లాగి, "నీది నువ్వెయ్యి, నాది నేనేస్తా. వానికి చెప్పబాకు" అంది.

పక్కనుంచి బావ నన్ను మోచేత్తో పొడిచాడు.

"ముందు పడింది రాణా, జార్జా?"

నేను కాసుల్ని చూడలేదని, వాళ్ళ ముఖాలే చూస్తూ ఉండిపోయానని చెప్పాను.

"ఇరవై ఏండ్లు నా పక్కన కూర్చోని ఏం నేర్చుకున్నావయ్యా నువ్వు" అని విసుక్కుని, ఆయన కొండ దిగడం మొదలుపెట్టాడు.