చప్పుడు లేని ఫ్యాను

ఆ రోజుల్లో మా ప్రొద్దుటూరులో చుట్టపక్కాలెవరు ఫ్యాను కొనాలన్నా నన్ను వెంటబెట్టుకుని పోయేవాళ్లు. పాత్రల అంగడి నడిపే ఇంట్లో పుట్టినందుకు చెంబును గోటితో మీటి దాని జాతకం చెప్పే విద్య నాకు చిన్నప్పుడే అబ్బింది. అదే విద్య ఫ్యాన్లకూ చాలునని మీసాలు మొలిచిన కొత్తలో నాకు నేనే తీర్మానించుకున్నాను. రెక్కను వేలితో తిప్పడం, మోటారును ఎత్తి బరువు చూడడం, చివరికి పెదవి విరిచి మెట్లు దిగబోవడం (వెనక్కి పిలుస్తారని తెలిసే). ఇంత చేసి మా ఇంటికి నేను తెచ్చిన ఫ్యాను మాత్రం బిగించిన రోజు నుంచీ టకటకా కొట్టుకునేది. గాలికి దుడ్లిచ్చినాం, తాళం ఊరికే వచ్చింది అనేవాడు మా నాయన.

ఆ వేసవిలోనే జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి మా మేనత్త వచ్చింది. వాళ్ల ఊళ్లో రెండు పార్టీలు. మామ ఒక పార్టీ నాయకుడి వెంట తిరిగేవాడు. ఏటా మిద్దె మీద చల్లగా పడుకునేవాళ్లు ఆ ఏడాది తలుపులకు గడియలు బిగించుకుని లోపలే ఉడికిపోతున్నారు. నమ్మకమైన ఫ్యాను ఒకటి చూసిపెట్టమంది.

అంగట్లో నా విద్యలన్నీ ప్రదర్శించాను. అత్త ఒక్కదాన్నీ పట్టించుకోలేదు. తిరిగే ఫ్యాను కింద కళ్లు మూసుకుని నిలబడడం, తల అడ్డంగా ఊపి ఇంకోటి వేయమనడం. గాలి సుఖానికి కళ్లు మూసిందనుకుని నేను షావుకారుతో ధర దగ్గర కుస్తీ పడుతున్నాను. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"అబ్బీ, చెప్పులిడిసి ఆ గోడ ఎనకాల సందులో నడువు పో."

మిట్టమధ్యాహ్నం. కాళ్లు కాలి ఎగురుతూ నడిచాను. లోపలి నుంచి అత్త గొంతు: "అట్ల ఎగిరితే చెవిటోళ్లకైనా ఇనపడతాది. దొంగ మాదిరి నడువు."

అంగట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. షావుకారు, "గాలికి కొంటాండావా అక్కా, అల్లునికి నడక నేర్పనీకి కొంటాండావా?" అన్నాడు.

అత్త నవ్వలేదు. "గాలి లేకున్నా బతుకుతాం సామీ. రాత్రి బయట అడుగు పడితే నాకు ఇనపడాల. మీ బావను లేపాల."

షావుకారు తన గల్లాపెట్టె మీద తిరిగే ఫ్యానును చూపించాడు. నన్ను మళ్లీ సందులోకి పంపారు. పిల్లిలా నడిచినా అత్త ప్రతి అడుగూ వింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. షావుకారు ఆ ఫ్యానునే దింపించి, తుడిచి, ధర తనే తగ్గించి ఇచ్చాడు. నేను నోరు తెరవని బేరం అదొక్కటే.

ఫ్యాను మాట నిలబెట్టుకుంది. దాని కింద అత్త రాత్రంతా చెవి బయట పెట్టుకుని పడుకునేది. తలుపు దాకా ఎవరూ రాలేదు. పులివెందులకు పెండ్లికని పోయిన మామను పట్టపగలే, మేళాల మోతలో చంపేశారు.

ఏడాది తిరిగాక చూడబోయాను. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. నిద్ర పట్టడం లేదనీ, ఫ్యాను మార్చమనీ అంది.

"సద్దు చేసేది యాడన్నా దొరుకుతాదేమో సూడు. చెవి ఇంకా బయటే ఉంటాంది అబ్బీ. ఇప్పుడు ఎవురి కోసరం ఇనాల?"

అలాంటి ఫ్యాను కావాలని షావుకారును అడగడానికి నాకు నోరు రాలేదు. మా తాళం ఫ్యానునే విప్పి బస్సుమీద వేసుకుని పోయాను. బిగించి స్విచ్చి వేయగానే టకటక మొదలైంది. అత్త తలెత్తి చాలాసేపు చూసింది.

"దీన్ని దుడ్లిచ్చి కొన్యావా?"

బేరమాడి కొన్నానన్నాను. ఆమె పెదవి చివర నవ్వులాంటిదేదో కదిలింది (మామ పోయాక నేను చూడడం అదే మొదలు). నాకు అన్నం పెట్టి, దాని కింద చాప పరుచుకుని, నేను చేయి కడుక్కునే లోపలే నిద్రపోయింది.

అత్త ఫ్యాను మా ఇంటికొచ్చింది. ఇప్పటికీ దాని కింద పడుకుంటే సందులో ఎవరు నడిచినా వినిపిస్తుంది. పాలవాడో, కుక్కో అయి ఉంటుంది. ఒక్కోసారి మాత్రం చెప్పులు చేతపట్టుకుని ఎండలో ఎగురుతూ పోయే ఆ కొత్తమీసాల బేరగాడే అనిపించి నవ్వొస్తుంది. వాడు మోసపోయి కొన్న ఫ్యానే చివరికి అత్తకు అక్కరకొచ్చిందని వాడికి చెప్పాలనిపిస్తుంది.