రోజమ్మత్త చక్కరకేళి తోట

ఈమధ్య విజయవాడలో ఒక పెళ్ళికి వెళితే, హాలు గుమ్మానికి అప్పుడే కట్టిన అరటిబోదెల నుంచి నీరు కారుతోంది. ఆ పచ్చి వగరు వాసన తగలగానే నాకు లోపలికి అడుగు పడలేదు.

నా చిన్నతనంలో, డెబ్బైల్లో, మా ఊరి కాలవగట్టు కింద మేనత్త రోజమ్మకి అరెకరం చక్కరకేళి తోట ఉండేది. వేసవి మధ్యాహ్నాలు పెదనాన్న కూతురు కుమారీ, నేనూ ఆ నీడలో తడిమట్టి మీద బోర్లా పడుకుని, అరటిపువ్వు దొప్పలు విప్పి అడుగున ఊరిన తేనెచుక్క నాకుతూ, గౌన్లకు అంటిన కర చూసి మా అమ్మలు వేయబోయే దెబ్బలు తలుచుకుని నవ్వుకుంటూ, పొద్దువాలేదాకా గడిపేవాళ్ళం.

ఆ తోట మీదే మా ఇంట్లో నిప్పు రాజుకుంది. ఒక ఏడు వరి మునిగి తాతయ్య ఇబ్బంది పడితే, అత్త తన బంగారు గాజులు తీసి ఇచ్చిందట. మరుసటి ఏడే తోట ఆమె చేతికొచ్చింది. తాతయ్య పోయాక పెదనాన్న, అది గాజుల బాకీకి తాకట్టుగా పెట్టిన తోట అన్నాడు. గాజులు చేయిస్తాను, తోట వదలమన్నాడు.

"నాన్న కష్టంలో ఉన్నాడని గాజులిచ్చా. కూతుర్నని నాకు తోటిచ్చారు. రెండూ కలపమాక అన్నాయ్," అనేది అత్త.

పెదనాన్నకి కోపమొస్తే అన్నం కంచం గోడకేసి కొట్టేవాడు. పెద్దమ్మ మొహాన కమిలిన మచ్చలు మాకు కొత్త కాదు.

ఈ తగువు ముదిరిన ఏడు గుణదల తిరునాళ్ళకి అత్త నన్ను వెంటబెట్టుకెళ్ళింది. కొండెక్కి మరియమాత ముందు కొవ్వొత్తులు వెలిగించి, జీళ్ళు కొనుక్కుని, బస్సు దిగి గట్టెమ్మట నడిచొచ్చేసరికి తోట ఉండాల్సిన చోట ఆకాశం కనిపించింది. గెలలేసిన చెట్లన్నీ నడుముల్లోకి నరికేసి ఉన్నాయి. బనీను నిండా కరతో పెదనాన్న చివరి వరస నరుకుతున్నాడు.

అత్త చెప్పులు విడిచి, ఆ బురదలోకి దిగి వెళ్ళి అతని జుట్టు పట్టుకుంది. అతను మోచేత్తో ఆమె నోటి మీద పొడిచాడు. పన్ను ఊడి రక్తం కారుతున్నా వదలకుండా అతని భుజం కొరికి పట్టుకుంది. నా ఏడుపు విని గట్టు మీంచి పరిగెత్తుకొచ్చిన మా నాన్న ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టాడు. పైకి లేచిన కత్తి ఆ అరచేతిలో దిగింది. రెండు వేళ్ళు చర్మానికి వేలాడాయి.

ఆదివారం చర్చిలో పూజయ్యాక పెద్దమనుషులు మా వాకిట్లో కూర్చున్నారు. తాతయ్య తోట ఇచ్చేటప్పుడు ఏమన్నాడని ఒకరినొకరు అడుగుతుంటే, అరుగు మీద నుంచి నాయనమ్మ అంది:

"ఆయన మాటెందుకు? గాజులు తీసుకుంది ఆయన. తోటిచ్చింది నేను. అది మా పుట్టింటోళ్ళు నాకిచ్చింది."

పెదనాన్న మొహం పాలిపోయింది. "ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా అమ్మా?"

"చెబితే, నీకెందుకియ్యలేదని నన్ను కొడతావని భయపడ్డాన్రా."

పెదనాన్న కండువా తీసుకుని లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. నాయనమ్మ పోయినప్పుడు శవపేటిక వెనక, జనం చివర్న, ఒక్కడే నడిచాడు. వచ్చి భుజం పట్టమని అతన్నెవరూ పిలవలేదు. మా నాన్న కుడిచెయ్యి ఇక ముడుచుకోలేదు. పోయేదాకా ఎడమచేత్తోనే తిన్నాడు.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. అత్త కొడుకులు తోటని ఇళ్ళ స్థలాలకి అమ్మేశారు. కాలవ సగం పూడిపోయి గుర్రపుడెక్క అల్లుకుంది. పోయిన నెల బస్సులో నా ముందు సీట్లో, ఆ తగువు నుంచీ మాతో మాటల్లేని పెదనాన్న కూతురు కుమారి కూర్చుంది. జుట్టంతా తెల్లబడింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను పలకరించబోయాను. అంతలో ఆమె మొహం తిప్పుకుని, తన స్టాపు ఇంకా రాకుండానే లేచి, తలుపు దగ్గరికెళ్ళి నిలబడింది.