ఆరు నుంచి ఇరవై లోపల

జెరాల్డ్ మాస్టరు ఎదురుపడిన మనిషిని "బాగుండారా?" అని అడిగే రకం కాదు. "ఎంత?" అని అడిగేవాడు. ఎంత అంటే, ఎంత ఆయాసం అని. జవాబు ఆరుకు తగ్గకూడదు, ఇరవైకి మించకూడదు. ఆరంటే కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు. ఇరవై అంటే ఇంకొక్క అడుగేస్తే ప్రాణం పోయేట్టు.

బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో బడిపిల్లలకు డ్రిల్లు చేయించే ఈ మనిషికి ముప్ఫై ఎనిమిదో ఏట ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీలో ఎమ్మెస్సీ చేయాలని బుద్ధి పుట్టింది. ఒళ్లు వంచి పనిచేస్తే గుండెకేమవుతుంది, ఊపిరికేమవుతుంది అని లెక్క తేల్చే చదువు. రెండేళ్ల కోర్సు. ఆయన నాలుగో ఏడు చదువుతున్నాడు. ఊళ్లో దానికి 'ఆయాసం డిగ్రీ' అని పేరు స్థిరపడిపోయింది.

"అది సరే మాస్టరూ, ఒకటి నుంచి ఐదు దాకా యాడికి పోయినాయి?" అన్నాడు టీకొట్టు ఈశ్వరప్ప ఒకరోజు.

"ఆరు పక్కన సున్నా పెట్టప్పా. అరవై. ఊరికే కూర్చున్నోని గుండె నిమిషానికి అన్నిసార్లు కొట్టుకుంటాది."

"మరి మిమ్మల్ని చూస్తానే నా గుండె నూటిరవై కొట్టుకుంటా ఉండాదే?"

"అయితే పన్నెండు," అని మాస్టరు జేబులోంచి పుస్తకం తీసి నిజంగానే రాసుకున్నాడు.

ఆదివారం చర్చి గుమ్మంలో ఫాదర్ చెమట తుడుచుకుంటుంటే, "ప్రసంగం ఎంత ఫాదర్?" అనేవాడు. "పదకొండు నాయనా" అని ఆయన మురిసిపోయేలోపే, "వినేవాళ్లకు పదహారు దాటింది" అని చెప్పి మెట్లు దిగిపోయేవాడు.

భార్య షర్మిలకు నొప్పులొచ్చి ఆస్పత్రిలో చేరినప్పుడూ అంతే. మంచం పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుని, ఎంతో ప్రేమగా, "షర్మిలా, ఎంత?" అన్నాడు.

"నలభై!"

"స్కేలు ఇరవైతో ఆగిపోతాది కదమ్మా."

"సిస్టర్! ఈయన్ని బయటికి తోసేయండి!"

థీసిస్‌కు ముప్ఫై మంది కావాలి. ఒక్కొక్కరిని ఆరు నిమిషాలు నడిపించి, నాడి చూసి, అంకె అడిగి రాయాలి. సగం మందిని పల్లెలో పట్టుకుందామని గౌనిపల్లి వెళ్లాడు. అక్కడ ఆవులు మేపుకునే హనుమక్కకు తెలిసిన అంకె ఒకటే: డెయిరీలో పాలకు వచ్చే ఫ్యాట్. అది ఎంత ఎక్కువైతే అంత మేలు.

"ఇరవై రాసుకో నాయనా."

"అక్కా, నువ్వింకా నడవనే లేదు!"

"నడిస్తే ఇంగా ఎక్కువొస్తాదా?"

వెనక వరుసలో నిలబడ్డ ఆడవాళ్లంతా ముక్తకంఠంతో ఇరవై అన్నారు. మాస్టరు మూడు ఆదివారాలు తిరిగి, కూర్చోబెట్టి చెప్పి, మళ్లీ నడిపించుకున్నాడు.

ఇంతలో యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. డిగ్రీ చేతికొస్తే ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం ఇస్తామని మాటిచ్చి ఉన్నారు. అదీ పోతుంది. ఇక లాభం లేదని షర్మిల చీరకొంగు బిగించి తనే టైపు చేయడానికి కూర్చుంది.

కాగితాల్లో పేర్లు లేవు, నంబర్లే. ఒక్కో మనిషికి ఒక్కో కాగితం. తొమ్మిదో నంబరుకు మాత్రం మూడొందల పైచిలుకు కాగితాలు. ఆదివారం తప్ప రోజూ, పొద్దున ఏడింటికి. నడిచాక చెప్పిన అంకె ప్రతిసారీ ఆరే.

"ఎవరీ తొమ్మిది?"

"పేరు చెప్పకూడదు. రూలు."

"ముప్ఫై మందీ పోయినేడే అయిపోయినారు. ఇన్నాళ్లూ థీసిస్ ఎందుకియ్యలేదు?"

మాస్టరు పైకప్పు వైపు చూశాడు. "కోపం ఎంత? ఆరు నుంచి..."

షర్మిల స్టేప్లరు ఎత్తింది. ఆయన పెరట్లోకి పరిగెత్తాడు.

మర్నాడు పొద్దున ఆమె వెనకాలే వెళ్లింది. ఆయన గ్రౌండుకు కాకుండా, పాత గని కార్మికుల లైన్ ఇళ్ల వైపు తిరిగాడు. ఒక గుమ్మం ముందు సెబాస్టియన్ నిలబడి ఉన్నాడు. డెబ్భై రెండేళ్లవాడు, గనిలో పనిచేసి రిటైరయినవాడు, మాస్టరుకు చిన్నాయన వరస. భార్య ఎమిలీ పోయాక తలుపేసుకుని కూర్చున్న మనిషి. షర్మిల కూర పంపితే గిన్నె కడిగి తిరిగి పంపేవాడు గానీ గడప దాటేవాడు కాదు. 'అట్లా నాలుగడుగులు వేయకూడదా మామా' అంటే, 'షోకుకు తిరగడానికి నేనేమన్నా దొరనా?' అనేవాడు. ఇప్పుడు బూట్లకు పాలిష్ పెట్టుకుని నిలబడ్డాడు.

"రెండు నిమిషాలు లేటు!" అని గర్జించాడు. "మా కాలంలో అయితే నీకు ఆపొద్దు షిఫ్టే లేదు."

"తప్పయిపోయింది చిన్నాయనా. డ్యూటీ ఎక్కుదామా?"

ఇద్దరూ మూతపడ్డ గని షాఫ్టు దాకా నడిచారు. సెబాస్టియన్ కొలిమితిత్తిలా రొప్పుతున్నాడు.

"ఎంత?"

"ఆరు."

"నాడి నూట పదుండాది చిన్నాయనా."

"నాడి పని నాడి చూసుకుంటాది. నాకు ఆరే."

ఎదురొచ్చిన పాత స్నేహితుడెవరితోనో ఆయన కబుర్లలో పడ్డాక షర్మిల మొగుణ్ని పక్కకు లాగింది. మాస్టరు దొరికిపోయిన దొంగలా గొణిగాడు. "థీసిస్ ఇచ్చేస్తే పరీక్ష అయిపోయినట్టే కదా. డ్యూటీ లేదంటే ఆయన మళ్లా తలుపేసుకుంటాడు."

షర్మిల ఇంకేదో అనేలోపే సెబాస్టియన్ ఆమెను రమ్మని సైగ చేశాడు. చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు: "మాస్టరుకు చదువు అబ్బల్యా తల్లీ. ఏడాదిగా ఒకటే పాఠం. నేను కూడా రాకుంటే పాపం వానికి ఇంగెవరు దొరుకుతారు? వానితో అనొద్దు, బాధపడతాడు."

షర్మిల నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని ఇంటికొచ్చింది. వారంలో టైపు ముగించి, బెంగళూరు వెళ్లి తానే థీసిస్ ఇచ్చి వచ్చింది. రెండు నెలలకు మాస్టరు పాసయ్యాడు.

ఫలితం తెలిసిన మర్నాడు ఆయన మిఠాయి పొట్లంతో సెబాస్టియన్ గుమ్మం దాకా వెళ్లి, పొట్లాన్ని వీపు వెనక దాచుకున్నాడు. కూడా వచ్చిన షర్మిలే ముందుకొచ్చింది.

"మామా, మీ మాస్టరు పాసయినాడు!"

బూటు లేసు మీదున్న ముసలాయన చెయ్యి ఆగింది. "మంచిదే. అయితే... ఇంగ డ్యూటీ లేనట్టేనా?"

"యాడ మామా? పీహెచ్‌డీలో చేరినాడు. ఇంగ అయిదేండ్లు."

వెనక నిలబడ్డ జెరాల్డ్‌కు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

"అయిదేండ్లా!" సెబాస్టియన్ నెత్తి కొట్టుకున్నాడు. "దేవుడా, మళ్లా మొదట్నుంచా!" అంటూనే వంగి లేసు బిగించి, ముడి మీద ముడి వేసి లేచాడు. "ఏం చూస్తావురా? ఏడు దాటింది. నడువు."