నర్సయ్య సగమే విన్న సంగీతం

ఈ మధ్యాహ్నం గల్ఫ్‌లో, మదీనత్ ఖలీఫాలోని మా ఇంట్లో నలుగురం కూర్చుని సాధన చేస్తున్నాం. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. ఒపెరాలకు పేరుపడ్డ ఒక ఇటలీ స్వరకర్త, తెలిసినాయన పోయిన దుఃఖంలో రాసిన ఆరు నిమిషాల రచన అది. ఆయన ఒపెరాలు మెచ్చుకునేవాళ్ళలో కూడా చాలామందికి ఇది తెలియదు.

పక్క గదిలో ఏసీ బాగుచేస్తున్న నర్సయ్య, పని ముగించి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నిజామాబాద్ జిల్లా మనిషి.

"సార్, ఇది ఎవరన్న చచ్చిపోతే వాయిస్తరా?"

తెల్లబోయాను. "అవును. నీకెలా తెలిసింది?"

"మా రూంల ఉండే రాజన్న మొన్న గుండె ఆగి పోయిండు. ఇయ్యాల పొద్దుగాల శవం పెట్టెను ఊరికి విమానం ఎక్కిచ్చిన్రు. నేను డ్యూటీకి వచ్చిన. ఏడ్వనీకి జాగ దొరకలే సార్. ఇంకోసారి వాయిస్తరా?"

మొదటినుంచి అందుకున్నాం. నర్సయ్య గోడకి ఆనుకుని, తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. సగంలో ఉండగా కింద అతని కంపెనీ వ్యాన్ హారన్ మోగింది. "యల్లా, యల్లా!" అంటూ, త్వరగా రమ్మని డ్రైవర్ కేక. నర్సయ్య ముఖం తుడుచుకుని, సంచీ భుజానికెత్తుకుని, మాకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మేం మాత్రం ఆపకుండా చివరిదాకా వాయించాం. మూడు నిమిషాలు ఆగమని ఆ డ్రైవర్‌తో చెప్పడానికి నలుగురిలో ఒక్కరం కూడా లేవలేదు. శ్రుతి మాత్రం ఎక్కడా తప్పలేదు లెండి. మీరైతే లేచేవారా?