మొనదేలిన గీతలు

కొబ్బరితోటల ఉద్దానం మాది. ఇంటికి ఎవరొచ్చినా ముందు బొండాం కొట్టి చేతికిచ్చి, తర్వాత మాట్లాడతారు. ఆ మర్యాద పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా ఆయన కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తాడు. కొబ్బరినీళ్లు ముట్టకూడదని డాక్టరు మొదటిరోజే చెప్పారు. అందులో ఉండే పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పి ఆగిపోతుందట. చెప్పడం డాక్టరు వంతు, కాపలా కాయడం నా వంతు. చుట్టాలు తెచ్చిన బొండాల్ని వాళ్ల కళ్లముందే పక్కింటికి పంపేసి గయ్యాళినన్న పేరు తెచ్చుకున్నాను.

ఆ మంగళవారం డయాలసిస్ గదిలోకి నడుస్తూనే కాళ్లు తేలిపోతున్నాయన్నాడు. నర్సు గబగబా పడుకోబెట్టి ఈసీజీ తీసింది. కాగితం చూడగానే ఆమె ముఖం మారిపోయింది.

"ఏటి తాగినావు బాబూ?"

"ఏటీ తాగనేదు" అన్నాడు, గోడకేసి చూస్తూ.

నాకు కోపమొచ్చింది, నర్సు మీద.

"మా ఇంట్లో బొండాం ముట్టనివ్వను. నీకేటి తెలుసని అడుగుతన్నావు?" అన్నాను.

ఆమె కాగితం నా ముందు పెట్టింది. "ఈ గీతలు గుండ్రంగా ఉండాల. ఎలాగ మొనదేలి లేసినాయో సూడు. రక్తం రిపోర్టు వచ్చేదాకా కూకుంటే ఈలోగానే గుండె ఆగిపోతాది."

డాక్టరు వచ్చి ఇంజక్షన్ ఇచ్చి డయాలసిస్ మొదలుపెట్టించారు. మిషను తిరుగుతుంటే మా ఆయన మెల్లగా ఒప్పుకున్నాడు. ముందురోజు వాళ్లక్క ఇంట్లో రెండు బొండాలు తాగాడట. బతుకుతాడో లేదో తెలియని మనిషిని అక్కడే తిట్టాను. పక్క మంచాలవాళ్లు తలలు తిప్పి చూసినా ఆగలేదు.

డయాలసిస్ అయ్యాక తీసిన ఈసీజీలో మొనలు తగ్గాయి. ఆయన్ని ఇంట్లో దింపి నేరుగా వదిన ఇంటికి వెళ్లాను. ఆయనకంటే పన్నెండేళ్లు పెద్దది, తల్లి పోయాక తమ్ముణ్ని ఎత్తుకుని పెంచింది. ఆ మొహమాటం కూడా పెట్టుకోలేదు.

"బొండాం ఇవ్వొద్దని ఎన్నిసార్లు సెప్పాల వదినా? నీ తమ్ముణ్ని నువ్వే సంపేద్దువు కదా."

వదిన గుమ్మంలోనే కూలబడింది.

"ఎండన పడి వచ్చి దాహమన్నాడే. ఆ బోరు నీళ్లు తాగే కిడ్నీలు పోయినాయని ఊరంతా అంటన్నారు. మళ్లీ ఆ నీళ్లే నా సేత్తో ఎలాగ పొయ్యను? బొండాం నీళ్లు మంచివి కదాని ఇచ్చినాను. మరి ఏ నీళ్లు ఇమ్మంటావు, నువ్వే సెప్పు."

తిట్లు ఇంకా చాలా మిగిలే ఉన్నాయి. కానీ ఆ పొద్దున మాత్రలు మింగడానికి ఆయనకు నేనిచ్చినవీ బోరు నీళ్లే.