ఉప్మాతో చేసిన పథ్యం

మూడు నెలలపాటు నా చేత్తో నేనే వండుకుని, నా కడుపు నేనే ఎలా పాడుచేసుకున్నానో చెబుతాను. నవ్వొస్తే ఆపుకోకండి. ఆ రోజు కిరాణా కొట్టు ముందు సగం ఊరు నవ్వింది. మీరు కూడా నవ్వితే కొత్తగా పోయే పరువేమీ లేదు.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. ఈపూరు దగ్గర మా పల్లె నుంచి గురజాలకు సోషల్ మాస్టారుగా వచ్చాను. పెళ్ళి కాలేదు, తెలిసినవాళ్ళు లేరు. మేడ మీద ఒంటి గది. కింద వాటాలో శాంతమ్మక్క ఇంట్లోనే బట్టలు కుట్టేది. ఆదివారం చర్చి నుంచి రాగానే కోడికూర వండి మెట్ల దగ్గర నిలబడేది. "తమ్ముడూ, దిగు! చల్లారిపోతంది!" బడి వదిలాక నన్ను పిలిచే గొంతు ఆ ఊళ్ళో అదొక్కటే.

అంతలో కడుపు మొరాయించింది. తిన్నది కడుపులో నిలవదు, ప్యాంటు నడుం మీద నిలవదు. నరసరావుపేట డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి తేల్చారు. "గోధుమల్లో గ్లూటెన్ అని ఒకటుంటుంది. నీ పేగులకి పడదు. గోధుమ, మైదా ఇక జన్మలో ముట్టుకోకు."

మర్నాడే కోటయ్య బాబాయ్ కొట్టుకెళ్ళాను. "బాబాయ్, గ్లూటెన్ ఫ్రీ సరుకులేమున్నాయి?"

"ఫ్రీగా ఇచ్చేది కరేపాకొక్కటే మాస్టారూ. అది కూడా నా కాడ కాదు, కూరగాయల బండి కాడ."

కిరాణా కొట్టువాడికేం తెలుసులే అనుకున్నాను. చపాతీ, బ్రెడ్డు, బిస్కట్టు, బన్ను అన్నిటినీ రాజ్యం వదిలిన రాజులా వదిలేశాను. నాకు వచ్చిన వంట ఒక్కటే, ఉప్మా. అందుకని దర్జాగా రెండు కిలోల బొంబాయి రవ్వ, నాలుగు సేమ్యా ప్యాకెట్లు తీసుకున్నాను.

ఇక పథ్యం మొదలైంది. ఎవరింట్లో ఏ పిండి కలుస్తుందోనని ఎవరేం పెట్టినా వద్దన్నాను. స్టాఫ్ రూములో టీ, బిస్కట్లు వస్తే లేచి వరండాలోకి పోయేవాణ్ణి. శాంతమ్మక్క పిలిస్తే, గ్లూటెన్ అంటే ఈమెకేం అర్థమవుతుందిలే అని, "నేను మీ ఇంట్లో తినకూడదక్కా" అన్నాను, అంతే. అలా మూడు వారాలు అన్నాక పిలుపు ఆగిపోయింది. ఆదివారం మధ్యాహ్నం కింద నుంచి కోడికూర వాసన వస్తుంటే కిటికీ దగ్గర కూర్చుని చల్లారిన ఉప్మా తినేవాణ్ణి. అది గొంతు దిగేది కాదు. పథ్యమంటే అంతేగా అని నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి. వేరే మెచ్చుకునేవాళ్ళు ఎవరున్నారు?

మూడు నెలలకు మనిషిని సగమయ్యాను. డాక్టరుగారు రిపోర్టు చూసి కళ్ళజోడు తీశారు. "దొంగచాటుగా తింటున్నావు కదూ?"

ఆ నింద మోసుకుని తిన్నగా కొట్టుకెళ్ళాను. కోటయ్య బాబాయ్ ఎగాదిగా చూశాడు. "ఏందయ్యా మాస్టారూ, చానా చిక్కిపోయావు! ఏం తింటన్నావు?"

"పొద్దున ఉప్మా, రాత్రి ఉప్మా. ఆదివారం సేమ్యా ఉప్మా. డాక్టరుగారు గోధుమ ముట్టుకోవద్దన్నారు."

"గోధుమ పడకపోతే ఉప్మా ఏందయ్యా?"

"అందుకే కదా బాబాయ్, బొంబాయి రవ్వ!"

"ఆ రవ్వ దేంతో అవుద్దనుకున్నావు?"

"బొంబాయి వైపు పండే ధాన్యమేదో..."

బాబాయ్ తక్కెడ కింద పెట్టేశాడు. "రవ్వ పండటమేందయ్యా! గోధుమల్నే మర పట్టిస్తే వస్తది. సేమ్యా కూడా అంతే!"

పంచదార కోసం వచ్చినావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈ మాస్టారేనా మా పిల్లకి పంటల పాఠం చెప్పేది?" కొట్టు ముందున్నవాళ్ళంతా గొల్లుమన్నారు.

అవును, నేనే. పటంలో పంజాబు మీద రంగు పూసి మరీ గోధుమల గురించి చెప్పినవాణ్ణి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను బేకరీని గెలిచి సొంత మూకుట్లో ఓడిపోయాను.

ఇంటిదారి పట్టాక నాక్కూడా నవ్వొచ్చింది. ఇంత నవ్వు మోసుకెళ్తున్నాను, చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేడు. కాళ్ళు మెట్ల దగ్గరే ఆగిపోయాయి. శాంతమ్మక్క గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పేశాను. ఆమె నవ్వలేదు. మిషను ఆపి నావైపు చూసింది.

"జబ్బు వల్లనా? మేం వేరే అనుకున్నాం సార్."

"ఏమనుకున్నావక్కా?"

"మీరు పెద్ద రైతులింటోళ్ళు. మా ఇంట్లో తినరేమోలే అనుకున్నాం. అందుకే పిలవటం మానేశా."

తమ్ముడూ అనే మనిషి సార్ అంటోందని అప్పటికి గాని నా చెవికెక్కలేదు.  "అది కాదక్కా" అని నాలుగుసార్లు అన్నాను. ఐదోసారి ఇంకేం తోచక, "ఆకలేస్తందక్కా" అన్నాను.

 ఆమె లేచి కంచం కడిగి తెచ్చింది.

ఆ కంచం ముందు కూర్చుని కళ్ళు మూసుకుని ఘోర ప్రతిజ్ఞ చేశాను. "దేంతో చేశారో అడగకుండా ఇక ఏదీ నోట పెట్టను. ఎందుకో చెప్పకుండా ఇక ఎవరి పిలుపూ కాదనను. ఈ పల్నాడు గడ్డ సాక్షి!" కంచంలో ఏదో పడింది. ప్రతిజ్ఞ వేడి మీదున్నానేమో, కళ్ళు తెరవకుండానే అడిగాను.

"అక్కా, ఇది దేంతో చేశావు?"

"అన్నం తమ్ముడూ. బియ్యంతో చేస్తారు."