ఊపిరి పీల్చే బావి, మా పక్కింటి ఖాలా

మా పక్కింటి ఖాలా పోయింది. మొన్న శుక్రవారం పొద్దున పాలు పోసే ఆమె తలుపు కొట్టి కొట్టి, చివరికి మమ్మల్ని పిలిచింది. నిద్రలోనే పోయింది, సుఖమైన చావు అన్నారు అందరూ. కావచ్చు. నాకు మాత్రం తల్లి పోయినట్టే ఉంది. ఈరోజు నా నుదుట బొట్టు ఉందంటే ఆమె వల్లే.

నేను చెరువుల కింద వరి పండే ఊరి పిల్లను. యాభై ఎనిమిదిలో జహీరాబాద్‌కు కోడలిగా వచ్చి ఇక్కడి నేల చూసి నోరెళ్లబెట్టాను. ఎర్రటి ఎత్తునేల. భూమిలో ఉన్నప్పుడు గడ్డపారకు మెత్తగా తెగుతుంది, గాలి తగిలాక రాయవుతుంది. ఆ రాయి నిండా బొక్కలే. వాన ఎంత పడినా ఎటు పోతుందో తెలియదు. చలికాలం పొద్దున మంచు దిగితే ఎదురింటి గుమ్మం కనిపించదు, దగ్గు మాత్రం వినిపిస్తుంది. మా వీధిలో ఉర్దూ, తెలుగు, కన్నడం మూడూ నడిచేవి. నీళ్ల దగ్గర కొట్లాటకు మాత్రం అందరూ తెలుగులోకే దిగేవారు.

ఖాలా అంటే పిన్ని. ఆమె ఒంటరి మనిషి, వీధి మొత్తానికీ ఖాలాయే. ఆమె పెరట్లో చెక్కలు కప్పిన ఎండిన బావి ఒకటి ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో, మిట్టమధ్యాహ్నం, గోడ అవతల ఎవరో బరువు దింపుకుని మూలిగినట్టు వినిపించింది. వెళ్లి చూస్తే ఆమె బావి పక్కనే కూర్చుని జొన్నలు చెరుగుతోంది.

"భయపడకు బేటీ. బాయి ఊపిరి తీసుకుంటుంది, గంతే" అంది.

చెక్కకు ఒక రంధ్రం, దాని అంచున ఒక నూలుపోగు కట్టి ఉంది. ఎండలు కాసే రోజుల్లో ఆ పోగు లోపలికి గుంజుకుపోయేది. వాన వచ్చే ముందు పైకి లేచి ఆడేది. మొగుడంపల్లి నుంచి, ఝరాసంగం నుంచి సంతకు వచ్చిన రైతులు బండి ఆపి, "ఖాలా, దారం ఏమంటుంది?" అని అడిగేవారు. "లోపలికే పోతుంది. జర ఆగు, విత్తనాల మూట ఇప్పకు" అని గదమాయించి పంపేది.

పోగు పైకి లేచిన రోజు మాత్రం ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. రంధ్రం మీద అరచెయ్యి పెట్టి, లోపలికి వంగి, ఉర్దూలో మెల్లగా ఏదో చెప్పేది. ఎవరితో అని ఒకసారి అడిగాను.

"నా తమ్మునితోటి. మబ్బు పట్టింది, వానకు ముందే పూడిక తీద్దామని దిగిండు. బాయి ఊపిరి వదిలేటప్పుడు దిగొద్దు బేటీ, లోపలి చెడుగాలంత పైకొస్తది. అప్పుడు మాకెరుక లేకపాయె. మల్ల పైకి రాలే." కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా చెప్పింది. "ఇప్పుడు వదిలేది వాని ఊపిరే అనుకుంట."

అరవై అయిదులో వానలు ముఖం చాటేశాయి. మరుసటి ఎండాకాలానికి వీధిలో చుక్క నీరు లేదు. ఖాలా బావిని లోతు చేద్దామని మగవాళ్లు వచ్చి అడిగారు. నీళ్లు పడితే ఆ ఊపిరి ఆగిపోతుందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక రోజంతా బావి పక్కనే కూర్చుంది. తరువాత తానే బయటికి వచ్చింది.

"పిల్లలు దూప దూప అంటున్నరు. తవ్వుకోండ్రి. దారం మాత్రం నేను చూస్త. నేను ఎక్కుమంటే ఎక్కాలె."

చెక్కలు తీసేశాక ఖాలా పోగును గట్టు అంచుకు కట్టింది. వంతులవారీగా దిగేవారు. ఆ మధ్యాహ్నం లోపల ఉన్నది మా ఆయన. తట్టలో తడిమట్టి పైకి వచ్చింది. అదే సమయానికి పడమట మబ్బు లేచింది. కిందా నీళ్లే, పైనా నీళ్లే అని అందరూ ఒకటే సంబరం. నేను ఖాలా ముఖం చూశాను. పోగు పైకి లేచి ఆడుతోంది.

"బేటా, పైకి రా!"

"రెండు తట్టలే ఖాలా! చెమ్మ తగిలింది!"

చుట్టూ ఉన్నవాళ్లు కూడా రెండు తట్టలే కదా అన్నారు. ఆమె బావి అంచున బోర్లా పడుకుని, గొంతు చిట్లేలా అరిచింది. "నీ పెండ్లాం ఈడ నిలబడ్డది! రా!"

నేనూ అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. ఆయన గోడ మెట్లు పట్టుకుని ఎక్కి వచ్చి, గట్టు మీద కూలబడ్డాడు. పెదవులు నల్లబడ్డాయి. అప్పుడు తాడుకు దీపం కట్టి దించారు. సగం దూరం కూడా పోకుండానే ఆరిపోయింది.

వాన వెలిశాక, పోగు మళ్లీ లోపలికి పోయే రోజు చూసి తవ్వారు. నీళ్లు పడ్డాయి. బావి మరి మూలగలేదు. పోగును ఖాలా తన చేత్తోనే తెంపేసింది. ఎంత మనసు ఉండాలి దానికి!

కానీ దీపం ఆరిన ఆ సాయంత్రం మాట ఒకటి చెప్పాలి. బయట జోరువాన. మా ఆయన అరికాలు తడుముకుంటూ కూర్చున్నాడు. తరువాత అన్నాడు: "పైకొచ్చే ముంగట కాళ్లు చచ్చుబడ్డయి. కింది నుంచి ఎవరో అరికాలుకు చెయ్యి ఆనిచ్చి లేపిన్రు." లోపల ఆయన తప్ప ఎవరూ లేరు.

ఉండబట్టలేక తడుచుకుంటూ వెళ్లి ఖాలాకు చెప్పాను. ఆమె ఉలిక్కిపడలేదు. ఒక్కటే అడిగింది.

"చెయ్యి వెచ్చగ ఉండెనా?"

ఆ సంగతి కూడా ఆయన చెప్పాడు. "వెచ్చగనే ఉండెనంట ఖాలా" అన్నాను.

ఆమె లేచి చూరు కిందికి వెళ్లింది. ధారగా పడుతున్న వాన కింద రెండు అరచేతులూ చాచింది. అవి నిండి పొర్లిపోతున్నా వెనక్కి తీసుకోకుండా, అట్లాగే నిలబడింది.